ముప్పై నాలుగు శాతం దగ్గర

పొద్దున తొమ్మిదికి షట్టరెత్తితే
నన్నడక్కుండానే అప్‌డేట్ మొదలుపెట్టుకోనుండాది పెద్ద సిస్టం.
"ఆఫ్ చేయవద్దు" అంటా నీలి తెర,
నేనేదో గొంతు పిసికేవాణ్ణి మాదిరి.
ముప్పై నాలుగు శాతం.
చుక్కలు గుండ్రంగా తిరగతా ఉండాయి
గానుగెద్దు తిరిగినట్టు,
నూనె మాత్రం లేదు.

గ్రీమ్స్‌పేటలో పద్నాలుగేండ్లుగా ఇదే అంగడి.
జిరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ అప్లికేషన్లు.
బోర్డు మీద "నెట్" అనే మాటలో
రంగు రాలి "ట్" ఒక్కటే మిగిలింది.

మూలన ఇంకో సిస్టం ఉండాది, ముసిల్ది.
కన్న కంపెనీవాళ్ళే దాన్ని ఎప్పుడో వదిలేసినారు.
"ఇంగ నాకు రక్షణ లేదు" అని రోజుకొకసారి చెప్తాది,
చెప్పి, మళ్ళా పనిలో పడతాది.
"అన్నా, అది వైరస్సులకు సత్రం" అంటాడు
రిపేరు పిల్లోడు గుణశేఖరు.
నిజమే.
కానీ సత్రంలో నాకూ చోటుంది గదా.
కొత్తదాంట్లో నా బిడ్డ ఫోటో నేను చూసుకోవాలన్నా
ముందు ఖాతా తెరువు అంటాది.

చెంగల్రాయులు సారు
"అన్నిటికీ అంగీకరిస్తున్నాను" బటన్ నొక్కడు.
రిజిస్ట్రారాఫీసులో ముప్పై ఏండ్లు చేసిన మనిషి.
కళ్ళజోడు తుడుచుకోని
షరతులన్నీ చదవతాడు, హద్దులు చూసినట్టు,
తూర్పున ఎవరిది, పడమట ఎవరిది అని.
నలభై నిమిషాలకు తలెత్తి
"ఇందులో అమ్మేది మనల్నే గదయ్యా" అని
పని కాకుండానే లేచిపోతాడు.
ఆయనతో వాదించలేను.
ఆయన మాదిరి ఉండనూలేను.
ఉంటే ఈ వీధిలో ఒక్కరికి పింఛను రాదు.

పక్కంగడి నూర్జహాన్ ఫోను
సాలెగూడు మాదిరి చీలి ఏడాదయింది.
"పగిలింది అద్దమే గదన్నా, మాట పగల్లేదు" అంటాది.
మిషను కుట్టతా కుట్టతానే.

నా సొరుగులో నూటతొంభై పేజీల నోటుబుక్కు.
వీధి మొత్తం పాస్‌వర్డులు అందులోనే.
ఆవుల పేర్లు, పోయిన మొగుళ్ళ పేర్లు,
తిరిగిరాని బాకీల అంకెలు.
రాయకూడదంట. తెలుసు.
క్లౌడులో దాచుకో, క్లౌడంటే మేఘం అన్నాడు గుణశేఖరు.
మా చిత్తూరు మేఘం సంగతి వానికి తెలీదా?
కనబడతాది.
కురవదు.

పదకొండుకు కుప్పమ్మ వచ్చింది, మురకంబట్టు నుంచి.
పీయెఫ్ దుడ్లకు మెయిలుండాలన్నారంట.
ముసిల్దాన్ని లేపినా.
పాస్‌వర్డు మర్చిపోతే గుర్తుపట్టేదానికి
మూడు ప్రశ్నలిచ్చి ఒకటి ఎంచుకోమనింది.
మీ మొదటి కారు?
మీరు మొదట విమానంలో దిగిన ఊరు?
మీ మొదటి బడి?

"కారు లేదు.
విమానం పైన పోతా ఉంటే చూసినా.
బడి..."
చేతులు చూసుకునింది.
మామిడి సొన తినేసిన వేళ్ళు.
ముద్రలు తీసుకునే మిషనుకు
అవి మనిషి వేళ్ళే కావు.
"తొమ్మిదేండ్లప్పుడు పల్పు షెడ్డుకు పోయినా నాయినా.
క్రేట్లు ఎంచి ఎంచి వందదాకా నేర్చుకున్నా.
ఆ షెడ్డు పేరు రాయి."

రాసినా.
ఒక్క అక్షరం కూడా ఎదురడగలేదు సిస్టం.
పచ్చగా టిక్కు పెట్టింది.
నోటుబుక్కులో నేనూ రాసుకున్నా,
కుప్పమ్మ, బడి: నాగరత్నం పల్ప్ షెడ్డు.
ఎందుకో ఆ గీత కింద ఇంకో గీత కొట్టినా.

అప్పటికి పెద్ద సిస్టం లేచింది.
తెర మీద కొత్త కొండ.
ఏ దేశపు కొండో, మంచు కప్పుకోని.
నేను పెట్టుకున్నవన్నీ తలా ఒక దిక్కుకు పోయినాయి.
"కాగితం ఇయ్యి నాయినా, బస్సుండాది."
ప్రింటు కొట్టినా.
"ప్రింటరు కనబడలేదు" అనింది.
మళ్ళా కొట్టినా.
కనబడలేదంట.
జానెడు దూరంలో ఉండాది ప్రింటరు,
పచ్చ లైటు ఏసుకోని,
కాగితాలు నోట పెట్టుకోని.

కుప్పమ్మ వంగి
తప్పిపోయిన బిడ్డకు దారి చెప్పినట్టు
తెరకు వేలు చూపించింది.
"ఆడనే గదమ్మా ఉండేది."